బ్యాటరీ బండికి గూడు

— బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి

సావనీరుకి ఏదైనా రాయవోయ్ అని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, "నాకు కథలూ కవితలూ రావు, రేకులూ గొట్టాలూ అయితే కొంచెం తెలుసు" అన్నాను. "అయితే వాటి గురించే రాయి" అన్నారు. కనుక ఇది మన కాలేజీ బ్యాటరీ బండికి మేం కట్టిన పైకప్పు గురించిన వ్యాసం. ఇందులో లెక్కలున్నాయి. ఆర్ట్స్ మిత్రులు కంగారు పడనక్కర్లేదు, హైస్కూలు లెక్కలు దాటి పోను.

మన ఆవరణలో తిరిగే నాలుగు సీట్ల బండిని మీరంతా చూసే ఉంటారు. అసలు ఇలాంటి బండ్లు గోల్ఫు మైదానాల కోసం పుట్టాయి. 1950ల దశకంలో అమెరికాలో విరివిగా వాడకంలోకి వచ్చాయి. మన దేశంలో గోల్ఫు ఆడేవాళ్లు బహు కొద్దిమందే గాని, బండి మాత్రం మనకి బాగా అక్కరకొచ్చింది. విజయవాడ, సికింద్రాబాదు స్టేషన్లలో వృద్ధులను ఎక్కించుకుని ప్లాట్‌ఫారం మీద చప్పుడు లేకుండా పోయేది ఈ జాతి బండే. మన బండిని పూర్వ విద్యార్థులు కొనిచ్చారు. గేటు దగ్గర నుంచి సైన్సు బ్లాకు దాకా నడవలేని వాళ్ల కోసం అది. నా క్లాసుమేటు ఒకడు రెండు చంకకర్రల సాయంతో నడుస్తాడు. మా కెమిస్ట్రీ మేడం గారికి మోకాళ్ల నొప్పులు. వీళ్లిద్దరికీ ఆ బండే ఆధారం.

అయితే వచ్చినప్పుడు బండికి పైకప్పు లేదు. ఏప్రిల్ నెలలో, ప్రాక్టికల్స్ రోజుల్లో, మధ్యాహ్నం రెండింటికి ఆ రెక్సిన్ సీటు మీద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. అందుకని బయట ఒక షాపులో పైకప్పు చేయించారు. నలభై మిల్లీమీటర్ల ఇనుప యాంగిల్ ఫ్రేము, దాని మీద ముడతల రేకు. "ఏనుగెక్కినా విరగదు బాబూ" అన్నాడట చేసినాయన. ఆయన మాట నిజమే, అది విరగలేదు.

లైబ్రరీ పక్కన రోడ్డు పల్లంగా దిగుతూ మలుపు తిరుగుతుంది కదా. కప్పు వేసిన నాలుగో రోజున ఆ మలుపులో బండి లోపలి వైపు చక్రం జానెడు పైకి లేచింది. మా వాడు వెనక సీట్లో ఉన్నాడు. కర్రలు రెండూ రోడ్డు మీద పడిపోయాయి. వాడు కడ్డీ పట్టుకుని వేలాడాడు. డ్రైవరు గారు చటుక్కున బ్రేకు వెయ్యబట్టి చక్రం మళ్లీ నేలకి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని ఆ తరువాత వారం రోజులు మా వాడు బండి ఎక్కనన్నాడు. ఎండలో కర్రల మీద నడిచే వచ్చేవాడు. వాడు చెమటలు కక్కుతూ ల్యాబులోకి రావడం చూసి, మేం ఐదుగురం కలిసి ఫిజిక్సు మాష్టారి దగ్గరికి వెళ్లాం. "బరువు మాట అలా ఉంచి, ఆ బరువు ఎక్కడుందో ముందు లెక్క వేసుకు రండి" అన్నారాయన.

బరువు ఎక్కడుంది?

వేశాం. ఫ్రేముకి పట్టిన యాంగిల్ మొత్తం పొడవు దాదాపు 15 మీటర్లు. 40 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న యాంగిల్ మీటరుకి సుమారు 3 కిలోలు తూగుతుంది. అంటే ఫ్రేమే 45 కిలోలు. పైన రేకు మరో పదమూడు పద్నాలుగు. మొత్తం అరవైకి కాస్త తక్కువ. మనిషి బరువు! ఆ మనిషి సీట్లో కూర్చోలేదు, మన నెత్తి మీద నిలబడ్డాడు.

ఏ వస్తువుకైనా దాని బరువంతా ఒకచోట కేంద్రీకరించినట్టు అనిపించే బిందువును గరిమనాభి అంటాం. అది ఎంత కిందికి ఉంటే వస్తువు అంత నిలకడగా ఉంటుంది. ఉత్త బండి 400 కిలోలు ఉండి, గరిమనాభి నేలకి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. బ్యాటరీలు కింద ఉంటాయి కనుక అంత తక్కువ. ఇప్పుడు 60 కిలోల కప్పుని, సగటున 160 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టాం. సరాసరి కడితే గరిమనాభి 64 సెంటీమీటర్లకి ఎగబాకుతుంది. రెండు చక్రాల మధ్య దూరం 90 సెంటీమీటర్లయితే, కప్పు లేని బండి 42 డిగ్రీలు ఒరిగే దాకా పడిపోదు. ఈ కప్పుతో 35 డిగ్రీలకే పడుతుంది. అదీ కదలకుండా నిలబెట్టినప్పటి మాట. మలుపులో వేగం కూడా తోడవుతుంది, పైన మనుషులూ ఉంటారు. కాబట్టి మిగిలేది ఇంకా తక్కువ.

అదే కప్పు 20 కిలోలుంటే? గరిమనాభి 55 సెంటీమీటర్లు. పడే కోణం 39 డిగ్రీలు. కప్పు వేసిన మాటే గాని బండికి పెద్ద తేడా తెలియదు. మా లక్ష్యం అలా ఖాయమైంది: మొత్తం ఇరవై కిలోలు దాటకూడదు.

తాతయ్య గూడుబండి

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా తాతయ్యకి ఒకప్పుడు గూడుబండి ఉండేదట. నేను చూసేసరికి చక్రాలు పోయి, గూడు మాత్రం పశువుల కొట్టం అటక మీద మిగిలింది. వెదురు బద్దల్ని విల్లులా వంచి, అడ్డబద్దలతో అల్లి, పైన చాప కప్పిన గూడు. చిన్నప్పుడు నేనూ మా అక్కా ఇద్దరమే దాన్ని కిందికి దించేవాళ్లం. కాని దాని మీద కూర్చుంటే కిర్రుమనేదే తప్ప విరిగేది కాదు. అంత తేలికకి అంత బలం ఎక్కడిదని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు ఆ గూడే గుర్తొచ్చింది.

వెదురు లోపల బోలు. గోధుమ కాడ కూడా బోలే. కారణం ఇది. ఒక కడ్డీ వంగినప్పుడు పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది, నట్టనడుమ ఉన్న పదార్థానికి దాదాపు పనే ఉండదు. పని చేయని నడిమి భాగాన్ని తీసేసి అదే పదార్థాన్ని అంచులకి జరిపితే బరువు పెరగకుండానే గట్టితనం పెరుగుతుంది. అంకెల్లో చూద్దాం. 25 మి.మీ. వ్యాసం, 1.6 మి.మీ. గోడ మందం ఉన్న ఇనుప గొట్టం మీటరుకి 920 గ్రాములు. దాదాపు అంతే బరువుండే గట్టి కడ్డీ 12 మి.మీ. లావు ఉంటుంది. వంగకుండా నిలబడే విషయంలో గొట్టం ఆ కడ్డీ కంటే ఏడు రెట్లకు పైగా మేలు. ఇనుము అదే, బరువు అదే. దాన్ని ఎక్కడ పెట్టామన్నదే తేడా.

"అల్యూమినియం వాడొచ్చుగా" అని చాలామంది అడిగారు. అల్యూమినియం సాంద్రత 2.7, ఇనుముది 7.85. మూడోవంతు బరువన్నమాట. కాని దాని గట్టితనం కూడా ఇంచుమించు మూడోవంతే. అదే కొలత గొట్టం మూడింతలు వంగుతుంది. దాన్ని సరిచేయాలంటే లావు గొట్టం తీసుకోవాలి. పైగా దాన్ని అతకడానికి ఆర్గాన్ వెల్డింగు కావాలి, అది మన వర్క్‌షాపులో లేదు. పి.వి.సి. గొట్టాలైతే ఎండకి మెత్తబడతాయి, కొన్నేళ్లకి పెళుసెక్కుతాయి. అందుచేత పల్చని ఇనుప గొట్టాలకే ఓటు వేశాం. నిలువు కాళ్లు నాలుగూ 32 మి.మీ. గొట్టం. పై చట్రమంతా 25 మి.మీ. గొట్టం. రెండూ కలిపి 15 కిలోలు.

నాలుగు కాళ్ల మంచం, మూడు మూలల బలం

మొదట నాలుగు కాళ్ల మీద చట్రం నిలబెట్టి చూస్తే పాత మంచంలా ఊగింది. గొట్టాలు చాలలేదేమో, లావువి వేద్దామా అని మాలో ఒకరు. మాష్టారు నాలుగు అగ్గిపుల్లలు చతురస్రంగా పేర్చి, మూలల్లో మైనం అంటించి, ఒక పక్క నెట్టారు. చతురస్రం పక్కకి ఒరిగిపోయింది. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నెట్టారు. కదల్లేదు. భుజాల పొడవు మారకుండా త్రిభుజం ఆకారం మారదు, చతురస్రం మారుతుంది. మన దొడ్డి తలుపు మీద ఏటవాలుగా కొట్టే చెక్కపట్టీ అందుకే. చదువుకోని వడ్రంగికి కూడా తెలిసిన జ్యామితి ఇది.

ప్రతి కాలూ పై చట్రాన్ని కలిసేచోట రెండు వైపులా, జానన్నర పొడవున్న ఏటవాలు గొట్టాలు అతికాం. మొత్తం ఎనిమిది ముక్కలు, 19 మి.మీ. గొట్టం, రెండు కిలోల లోపు బరువు. ఊగడం ఆగిపోయింది. గొట్టం లావు చేసి ఉంటే అంతకు ఎన్నో రెట్లు బరువు పెరిగేది.

కప్పుని కిందికి పట్టి ఉంచాలి!

అందరూ అనుకునేది, పైకప్పు కింద పడకుండా కాళ్లు మొయ్యాలని. తేలిక కప్పుకి అది చిన్న బాధ్యత. అసలు బాధ్యత అది పైకి లేవకుండా చూడటం. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట వచ్చే ఈదురుగాలికి ఊళ్లో రేకులు ఎగిరిపోవడం మనం ఎరగనిది కాదు. గాలి కలిగించే ఒత్తిడి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మన కప్పు వైశాల్యం మూడు చదరపు మీటర్ల పైచిలుకు. బండి గంటకి 20 కిలోమీటర్లు పోతుంటే, ఎదురుగాలి ఒత్తిడంతా పైకెత్తడానికే పనిచేసినా ఆరు కిలోల బరువుని లేపే బలం వస్తుంది. అదే 60 కిలోమీటర్ల ఈదురుగాలి అయితే వేగం మూడింతలు, బలం తొమ్మిదింతలు. అంటే యాభై కిలోల పైమాటే. కప్పు బరువు ఇరవై!

కాబట్టి కప్పుని బండి కింది ఇనుప ఛాసిస్‌కి బిగించాం, ప్లాస్టిక్ బాడీకి కాదు. ఒక్కో కాలి కింద చదరపు పలక, రెండేసి 8 మి.మీ. బోల్టులు. ఇలాంటి చోట బోల్టు తెగడం అరుదు, బోల్టు కింద ఉన్న పల్చని రేకు చిరుగుతుంది. అందుకని వెడల్పు వాషర్లు వేశాం. బండి అదురుకి నట్లు వదులవకుండా లోపల నైలాన్ ఉన్న నట్లు వాడాం. పలకకీ ఛాసిస్‌కీ నడుమ పాత ట్యూబు రబ్బరు ముక్క పెట్టాం.

ఎండ, వాన

పైన రేకు వద్దనుకున్నాం. బరువు ఒక కారణం. రెండోది, ఎండకి కాలిన రేకు కిందికి వేడి కక్కుతుంది. మా ఇళ్లల్లో వడ్లు ఆరబెట్టినప్పుడు కప్పే బరకం లాంటిదే, కాని ప్లాస్టిక్ పూత ఉన్న మందపాటి గుడ్డ, తెల్లరంగుది తెచ్చాం. తెలుపు ఎండని చాలావరకు తిరగ్గొడుతుంది. గుడ్డ మొత్తం రెండున్నర కిలోలు. నీళ్లు పీల్చే కాన్వాసు అయితే తడిసినప్పుడు బరువెక్కుతుంది, ఇది ఎక్కదు. దాంతో మొత్తం తూకం పంతొమ్మిదిన్నర. లక్ష్యం దాటలేదు.

గుడ్డ బల్లపరుపుగా ఉంటే నడుమ గుంటపడి నీళ్లు నిలుస్తాయి. ఒక చదరపు మీటరులో అంగుళం లోతు నీళ్లంటే 25 కిలోలు. మొత్తం కప్పు కంటే ఎక్కువ! ఆ బరువుకి గుంట ఇంకా లోతవుతుంది, ఇంకా నీళ్లు చేరతాయి. అందుకని తాతయ్య గూడు పద్ధతే. అడ్డగొట్టాలు నాలుగింటినీ నడుమ నాలుగు వేళ్ల ఎత్తు వచ్చేలా విల్లులా వంచాం. బోలు గొట్టాన్ని ఊరికే వంచితే నొక్కుకుపోతుంది. లోపల పొడి ఇసుక దట్టించి, రెండు చివరలా కర్ర బిరడాలు కొట్టి, మెల్లిగా వంచాలి. ఇసుక తడిగా ఉండకూడదు సుమా, వేడి చేస్తే ఆవిరై బిరడా తుపాకీ గుండులా పోతుంది.

వెల్డింగు దగ్గర మూడు జాగ్రత్తలు

మాకు పని నేర్పిన వర్క్‌షాపు మేస్త్రీ గారు మూడు సంగతులు పదేపదే చెప్పారు. వాటి వెనక ఉన్న సైన్సు మేం తరువాత చూసుకున్నాం.

ఒకటి, ఫ్రేముని బండి మీద ఉంచి వెల్డింగు చెయ్యొద్దు. సీసపు బ్యాటరీలు ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. నిప్పురవ్వ పడితే పేలుతుంది. కొలతలు బండి మీద తీసుకుని, వెల్డింగు దూరంగా, ఆరుబయట.

రెండు, జింకు పూత ఉన్న జి.ఐ. గొట్టమైతే అతికే మేర పూతని అరగదీయాలి. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. "మాకు మామూలే" అన్నారు మేస్త్రీ గారు. మామూలు కాకూడదు.

మూడు, పల్చని గొట్టానికి కరెంటు తగ్గించి, చిన్న చిన్న కుట్లుగా అతకాలి. ఆబగా గీస్తే కన్నం పడుతుంది. మా మొదటి రెండు అతుకులూ జల్లెళ్లే.

గూడు చేయలేని పని

జూలైలో కప్పు ఎక్కించాం. లైబ్రరీ మలుపులో ముందు ఇసుక బస్తాలు వేసుకుని మేం నలుగురం తిప్పాం. తరువాత మా వాడిని పిలిచాం. వాడు ఎక్కేముందు బండిని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. ఏమీ అనకుండా కర్రలు లోపల పెట్టి కూర్చున్నాడు. అదే మాకు వచ్చిన సర్టిఫికెట్టు.

దసరా సెలవుల ముందు మా నాన్న నన్ను తీసుకెళ్లడానికి వచ్చారు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు. "ఏరా, మన ట్రాక్టరుకీ ఇలాంటిది కట్టకూడదూ? ఎండకి మాడు పగిలిపోతోంది" అన్నారు. కట్టాను. కాని కట్టేముందు ఒక మాట చెప్పాను, అది మీకూ చెప్పాలనే ఈ వ్యాసం ఇంత దూరం తీసుకొచ్చాను.

మా ఊళ్లో మూడేళ్ల కిందట కాలవగట్టు మీద ట్రాక్టరు తిరగబడి మాకు దగ్గరి చుట్టం ఒకాయన పోయారు. ఆ ట్రాక్టరుకి పైన కప్పు ఉంది. కప్పు ఉందిగా అని ఆయన ధీమాగానే ఉండేవారు. దాదాపు రెండు టన్నుల యంత్రం బోర్లా పడితే ఎండకప్పు అగ్గిపెట్టెలా నలుగుతుంది. మనిషిని కాపాడే చట్రం వేరే ఉంది. సీటు వెనక ట్రాక్టరు ఒళ్లంతటికీ బిగించిన దళసరి కమాను అది. దాని నమూనాని బలంగా నెట్టి పరీక్షించాకే తయారు చేస్తారు. దానితోపాటు సీటు బెల్టు కూడా పెట్టుకోవాలి. లేకపోతే మనిషి ఎగిరి ఆ కమాను కిందే పడొచ్చు. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకి ఇలాంటి రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. తరువాతి కాలంలో అక్కడ తిరగబడి చనిపోయేవారి సంఖ్య బాగా పడిపోయింది. అలాంటి కమాను ఉన్న ట్రాక్టరుకి ఎండకప్పు కోసం దానికి కన్నాలు పెట్టడం, వెల్డింగు చేయడం తగదు. దాని బలమే పోతుంది.

తేలికగా కట్టడం ఒక విద్య. కట్టినది ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో వాడేవాడికి నిజాయితీగా చెప్పడం అందులో సగం. "నాన్నా, ఇది నీడకి మాత్రమే. ఇది ఉంది కదా అని గట్టు అంచున పోవద్దు" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే ఆ రెండోది ఎంతవుతుందో కనుక్కో" అన్నారు. కంపెనీ డీలరుని అడిగాను. ఈ పంట డబ్బులొచ్చాక బిగించాలి.

చివరగా జూనియర్ మిత్రులకు ఒక మనవి. వచ్చే ఏడు మేం ఇక్కడ ఉండం, బండి ఉంటుంది. ప్రతి జూన్‌లో ఎనిమిది బోల్టులూ బిగించండి. కాళ్ల అడుగున, అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగులు ఉందేమో చూడండి. తుప్పు కనిపిస్తే గీకి రెడ్ ఆక్సైడ్ పూయండి. ఈదురుగాలి వచ్చే రోజుల్లో సాయంత్రం గుడ్డ విప్పి మడిచి పెట్టండి. కొలతల కాగితం ఫిజిక్సు ల్యాబు బీరువాలో, కింది అరలో ఉంది.